షుగర్ పెంచని తిండి, బరువు పెంచని తిండి ఒకటి కావు

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇది. ఎనిమిదేళ్లుగా మీకు టైప్ 2 మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. తీపి పూర్తిగా మానేశారు, రోజుకు ఆరు సార్లు కొద్దికొద్దిగా తింటున్నారు, హెచ్‌బీఏ1సి (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) 7 శాతం దరిదాపుల్లోనే ఉంటోంది. అయినా బరువు తగ్గకపోగా రెండేళ్లలో నాలుగు కిలోలు పెరిగింది. ఇంకా ఏమేం మానేయాలని మీ ప్రశ్న.

ఇంకేదో మానేయడానికి ముందు ఒక సంగతి గమనించండి. మీరు ఇంతవరకు చేసిన మార్పులన్నీ రక్తంలో చక్కెరను దృష్టిలో పెట్టుకుని చేసినవే, అవి ఆ పని బాగానే చేశాయి. బరువు తగ్గడం వేరే లెక్క. ఆ లెక్కను మీరు ఇంకా మొదలుపెట్టలేదని నాకు అనిపిస్తోంది. మధుమేహం ఉన్నవారికి ఆహార సలహాలు ఇచ్చే పనిలో నేను చాలాకాలంగా ఉన్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చక్కెరను పెంచని పదార్థం ఎంత తిన్నా ఫరవాలేదని వారు అనుకుంటారు. గ్లూకోమీటరు కూడా ఆ నమ్మకాన్ని బలపరుస్తుంది, ఎందుకంటే దానికి కెలొరీలు కనిపించవు.

బరువు పెరగడంలో కొంత భాగానికి తప్పు మీది కాదు. రక్తంలో గ్లూకోజ్ డెసీలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే, మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి పీల్చుకోలేవు కాబట్టి, మిగిలినది మూత్రంలో పోతుంది. షుగర్ అదుపులో లేని రోజుల్లో ఒక మనిషి రోజుకు 50 గ్రాముల గ్లూకోజ్ ఇలా పోగొట్టుకుంటున్నాడనుకుందాం. గ్రాముకు 4 కెలొరీల చొప్పున చూస్తే 200 కెలొరీలు తిని కూడా ఒంటికి పట్టనట్టే లెక్క. మందులతో చక్కెర అదుపులోకి రాగానే ఆ నష్టం ఆగిపోతుంది, తిండి మాత్రం అంతే ఉంటుంది, అందువల్ల బరువు పెరుగుతుంది. దీన్ని చూసి మందు పనిచేయడం లేదనుకుని మానేసేవారు ఉన్నారు. మందు పనిచేయడం వల్లనే ఇలా జరుగుతోంది.

దీని మరోవైపు కూడా చెప్పాలి. తిండిలో ఏ మార్పూ లేకుండా బరువు దానంతట అది తగ్గుతూ, దాహం, మాటిమాటికీ మూత్రం పెరిగితే అది సంతోషించవలసిన విషయం కాదు, ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించుకోవలసిన లక్షణం.

ఇక తిండి. షుగర్ ఉన్నవారికి మంచివని పేరున్న పదార్థాలను బరువు లెక్కలో ఒకసారి చూడండి. కొవ్వు గ్రాముకు 9 కెలొరీలు ఇస్తుంది, పిండిపదార్థాలూ మాంసకృత్తులూ గ్రాముకు 4 మాత్రమే ఇస్తాయి. బాదం వంటి గింజపప్పులు రక్తంలో చక్కెరను దాదాపు కదిలించవు, గుండెకూ మంచివే, కానీ 30 గ్రాముల బాదంలో సుమారు 170 కెలొరీలు ఉంటాయి. డబ్బా దగ్గర పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ తింటే 30 గ్రాములు ఎప్పుడు 90 అయ్యాయో తెలియదు. నూనె ఏ గింజ నుంచి తీసినా, ఎంత ఆరోగ్యకరమని దాని మీద రాసి ఉన్నా, ఒక పెద్ద చెంచాకు 120 కెలొరీలకు అటూఇటూగా ఉంటుంది. చక్కెర లేదని అమ్మే బిస్కెట్లలో పిండి, కొవ్వు అలాగే ఉంటాయి, చక్కెర ఒక్కటే ఉండదు. మీరు రోజుకు ఆరు సార్లు తింటున్నారన్నారు కదా, ఆ ఆరింటిలో మధ్యలో వచ్చే మూడింటిలో ఏముందో, ఎంత ఉందో ఒక వారం పాటు ఉన్నది ఉన్నట్టు రాయండి. నా అనుభవంలో ఎక్కువమందికి సమాధానం అక్కడే దొరుకుతుంది, భోజనాల్లో కాదు.

అయితే ఆ మధ్య తిండిని వెంటనే మానేయమని నేను చెప్పడం లేదు. మీ విషయంలో అది ప్రమాదం కూడా. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెంక్లమైడ్ ఒకే కుటుంబానికి చెందిన మందులు. మీరు తిన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా ఇవి క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ల సంగతీ అంతే. తిండి తగ్గించి మందు అలాగే ఉంచితే చక్కెర 70 కంటే కిందికి పడిపోవచ్చు, చెమట, వణుకు, గుండెదడ, చూపు మసకబారడం, తికమక మొదలవుతాయి. ఒకసారి అలా పడినవారు ఆ అనుభవాన్ని మరిచిపోలేరు. ఆ తర్వాత నుంచి వారు ఆకలి కోసం కాదు, భయం కోసం తింటారు. పడుకునే ముందు ఒకసారి, బయటికి వెళ్లే ముందు ఒకసారి, ఎందుకైనా మంచిదని మరొకసారి తింటారు. ఆ తిండికి చక్కెర పెరుగుతుంది, పెరిగిందని మందు మోతాదు పెంచుతారు, పెరిగిన మోతాదుకు మళ్లీ పడిపోతుందేమోనని ఇంకొంచెం తింటారు. మీ ఆరు పూటల తిండి వెనుక ఈ భయం ఎంత ఉందో మీకే తెలియాలి. ఆ వలయాన్ని తెంచకుండా పళ్లెంలో ఎన్ని మార్పులు చేసినా బరువు కదలదు, తెంచడం మొదలవవలసింది మందుల చీటీ దగ్గర.

కాబట్టి మొదటి పని మీ వైద్యుడితో మాట్లాడటం. ‘నేను బరువు తగ్గడానికి తిండి తగ్గించాలనుకుంటున్నాను, దానికి తగ్గట్టు మందులు సరిచూడండి’ అని స్పష్టంగా అడగండి. చాలా సందర్భాల్లో ఈ ప్రశ్నను రోగి అడగడు, తీరిక లేని వైద్యుడు తనంతట తాను లేవనెత్తడు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే సాధారణంగా చక్కెర మరీ పడిపోదు, అది బరువునూ పెంచదు. గ్లిమెపిరైడ్ వర్గం, ఇన్సులిన్, పయోగ్లిటజోన్ బరువు పెంచే వైపు ఉంటాయి. సిటాగ్లిప్టిన్ వంటివి అటూ ఇటూ కాకుండా ఉంటాయి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపి బరువు కొంత తగ్గిస్తాయి, సెమాగ్లూటైడ్ వంటివి ఆకలినే తగ్గిస్తాయి. వీటిలో మీకు ఏది సరిపోతుందో మీ మూత్రపిండాలు, గుండె, కళ్ల పరిస్థితిని బట్టి వైద్యుడు చెప్పాలి, నేను కాదు. మీ అంతట మీరు మాత్ర తగ్గించడం, మానేయడం మాత్రం చేయకండి.

అదే సమయంలో మరికొన్ని సంగతులు ఆయన ముందు పెట్టండి. డాపాగ్లిఫ్లోజిన్ వర్గం మందు వాడుతూ పిండిపదార్థాలు బాగా తగ్గించినా, ఉపవాసాలు చేసినా, రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే మీటరు చూపించే అంకెను నమ్ముకుని ఇంట్లో కూర్చోకూడదు. బరువు తగ్గుతున్నకొద్దీ రక్తపోటు కూడా తగ్గుతుంది కాబట్టి బీపీ మాత్రలు ఎక్కువై లేవగానే కళ్లు తిరగవచ్చు. కంటి రెటీనా ఇప్పటికే దెబ్బతిని ఉన్నవారిలో చక్కెర హఠాత్తుగా తగ్గితే ఆ సమస్య కొంతకాలం ముదిరే అవకాశం ఉంది. గత ఏడాదిలో కళ్ల పరీక్ష చేయించుకోకపోతే ముందు అది చేయించుకోండి.

చక్కెర 70 కంటే తక్కువకు పడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. వెంటనే ఒంటికి పట్టే చక్కెర 15 గ్రాములు, అంటే మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని గానీ, అర గ్లాసు పళ్లరసంగా గానీ తీసుకుని, 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించుకోవాలి, ఇంకా తక్కువే ఉంటే మరో 15 గ్రాములు తీసుకోవాలి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా వదులుతుంది. కంగారులో వంటగదిలో కనిపించినదంతా తినడం చాలామంది చేసే పని. ఆ ఒక్క పూటలో 500 కెలొరీలు లోపలికి వెళ్లిపోతాయి, రెండు గంటల తర్వాత మీటరు 300 చూపిస్తుంది. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

ఎంత బరువు తగ్గితే ప్రయోజనం ఉంటుందో ఇప్పుడు చూద్దాం. శరీర బరువులో 5 శాతం తగ్గినా చక్కెర, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగుపడతాయి. 80 కిలోల మనిషికి అది 4 కిలోలు, అంటే మీరు పెరిగిన దానికి దాదాపు సమానం. అంతకంటే ఎక్కువ తగ్గితే ఏమవుతుందో చూపించినది బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ అనే అధ్యయనం, దాని ఫలితాలు 2017 చివరలో వచ్చాయి. అందులో చేరినవారిలో సగం మంది మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 కెలొరీల ద్రవాహారం మీదే ఉండి, తర్వాత క్రమంగా మామూలు తిండికి మారారు. ఏడాది తర్వాత వారిలో 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహ స్థాయి కంటే కింద ఉన్నారు. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవారిలో అయితే 86 శాతం మంది అలా ఉన్నారు. రెండో ఏటికి ఆ 46 శాతం 36కు తగ్గింది, తగ్గిన బరువును నిలుపుకోవడం కష్టం కాబట్టి. కాలేయంలోనూ క్లోమంలోనూ పేరుకున్న కొవ్వు కరగడం ఈ మార్పుకు ప్రధాన కారణమని ఆ పరిశోధకులు అంటారు. కాలేయంలో కొవ్వు తగ్గగానే పరగడుపు చక్కెర తగ్గడం కొద్ది రోజుల్లోనే కనిపిస్తుంది.

కానీ ఆ అధ్యయనంలో ఉన్నవారందరికీ మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటలేదు, వారెవరూ ఇన్సులిన్ వాడటం లేదు. షుగర్ మందులూ బీపీ మందులూ మొదటి రోజునే ఆపి, వైద్య పర్యవేక్షణలో ఉంచారు. మీకు ఎనిమిదేళ్లు దాటాయి. క్లోమానికి మిగిలిన శక్తి కాలంతో పాటు తగ్గుతుంది కనుక మందులన్నీ మానేయగలిగే స్థితి వస్తుందని మీకు మాట ఇవ్వడం సరికాదు. మందులు తగ్గడం, చక్కెర నిలకడగా ఉండటం, మోకాళ్ల మీద భారం తగ్గడం వంటివి మాత్రం ఆశించవచ్చు. ఈ 850 కెలొరీల పద్ధతిని ఇంట్లో ఒంటరిగా ఎవరూ ప్రయత్నించకూడదు. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది.

మీకు నేను సూచించేది నెమ్మదైన దారి. ఇప్పుడు తింటున్న దానిలో రోజుకు 400, 500 కెలొరీలు తగ్గించడం దీని లక్ష్యం. మొదట్లో వారానికి అర కిలో వరకు తగ్గవచ్చు, తర్వాత వేగం తప్పకుండా మందగిస్తుంది.

మొదట పిండిపదార్థాల పరిమాణంతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఇది చక్కెరకూ బరువుకూ రెండింటికీ ఉపయోగపడే మార్పు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 130 కెలొరీలు, 28 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. ఒకసారి మీరు మామూలుగా వడ్డించుకునేంత అన్నాన్ని గానీ రొట్టెను గానీ వంటింటి త్రాసులో తూచండి. ఆ అంకె చూస్తే నేను ఎంత చెప్పినా కలగని నమ్మకం కలుగుతుంది. దానిలో మూడో వంతు తీసేసి, ఆ ఖాళీని పిండి లేని కూరగాయలతో నింపండి. పళ్లెంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పుధాన్యాలు, గుడ్లు, చేపల వంటి మాంసకృత్తులు, మిగిలిన పావు భాగం మాత్రమే ధాన్యం ఉండాలి. బంగాళాదుంప వంటి దుంపలు కూరగా వండినా ధాన్యం వాటాలోకే వస్తాయి. పొట్ట నిండిన భావన ఎక్కువగా తిండి పరిమాణం, పీచు, మాంసకృత్తుల వల్ల కలుగుతుంది కాబట్టి, ఇలా మార్చిన పళ్లెం చూపుకు తగ్గినట్టు ఉండదు, ఆకలీ అంతగా వేధించదు. ముడిధాన్యం మంచిదే, పీచు ఎక్కువ. అయితే ముడిధాన్యమని రెట్టింపు తినేవారిని చాలామందిని చూశాను, అందుకే రకం కంటే పరిమాణం ముందు అంటాను.

తినే వరుస కూడా మార్చండి. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, ధాన్యాన్ని చివరికి ఉంచితే, అదే భోజనానికి చక్కెర తక్కువగా పెరుగుతుందని చిన్న చిన్న అధ్యయనాల్లో కనిపించింది. దీనికి ఖర్చు లేదు, కష్టం లేదు, పైగా చివరికి వచ్చేసరికి ధాన్యం తినాలన్న కోరిక సగమవుతుంది.

రెండోది నూనె. వంట చేసేవారు సీసా వంచి పోయడం మాని చెంచాతో కొలిచి పోస్తే చాలు, మరో త్యాగం అక్కర్లేదు. మనిషికి రోజుకు ఒక పెద్ద చెంచా తగ్గినా 120 కెలొరీలు తగ్గినట్టే. మూడోది తాగేవి. పళ్లరసం, తీపి పానీయాలు, చక్కెర వేసిన టీ కాఫీలు కడుపు నింపకుండా కెలొరీలు ఇస్తాయి. పండును పండుగానే తినండి, రసంగా కాదు. మద్యం అందులోని ఆల్కహాల్ గ్రాముకు 7 కెలొరీల చొప్పున ఇవ్వడమే కాక, గ్లిమెపిరైడ్ వంటి మందు వాడేవారిలో గంటల తర్వాత, తరచు రాత్రి నిద్రలో, చక్కెరను పడగొట్టగలదు.

ఆరు పూటలను మూడుకు తగ్గించడం మాత్రం మందుల సర్దుబాటు జరిగిన తర్వాతే చేయండి. రోజుకు ఆరు సార్లు తింటే జీవక్రియ వేగం పెరుగుతుందన్న మాటకు ఆధారం లేదు. మందు అనుమతిస్తే మూడు పూటలు నిండుగా తిని మధ్యలో ఏమీ తినకపోవడమే ఎక్కువమందికి సులువని నా అభిప్రాయం, ఎందుకంటే తినడం మొదలుపెట్టకుండా ఉండటం కంటే, మొదలుపెట్టి కొద్దిగా తిని ఆపడం కష్టం.

పిండిపదార్థాలు బాగా తగ్గించే ఆహారం, విడతల ఉపవాసం, మధ్యధరా పద్ధతి వంటి వాటిలో ఏది గొప్పదన్న వాదనలో నాకు పెద్దగా ఆసక్తి లేదు. మొదటి ఆరు నెలల్లో పిండిపదార్థాలు తగ్గించినవారి చక్కెర కొంచెం ఎక్కువ మెరుగుపడుతుంది. ఏడాది దాటేసరికి తేడా చాలావరకు చెరిగిపోతుంది, అప్పటికి ఎక్కువమంది ఆ పద్ధతిని వదిలేసి ఉంటారు. మీరు ఏడాది తర్వాత కూడా విసుగు లేకుండా తినగలిగినదే మీకు సరైన పద్ధతి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు వైద్యుడిని అడగాలి. టైప్ 1 మధుమేహం ఉన్నవారికి, గర్భిణులకు, బలహీనంగా ఉన్న వృద్ధులకు ఈ సలహాలేవీ యథాతథంగా వర్తించవు.

మీటరును ఇప్పుడు వేరే రకంగా వాడండి. రోజూ పరగడుపున మాత్రమే చూసుకోవడం మాని, వారానికి రెండు మూడు రోజులు ఒక భోజనం ముందూ, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకూ చూసుకోండి. చాలామందికి భోజనం ముందు 80 నుంచి 130, తర్వాత 180 లోపు లక్ష్యంగా చెబుతారు, మీ లక్ష్యం మీ వైద్యుడు చెప్పినదే. ఒకే పరిమాణంలో రెండు రకాల ధాన్యాలు మీ ఒంట్లో ఎలా నడుచుకుంటాయో ఇలా మీకే తెలుస్తుంది. ఏ పట్టికా మీ గురించి అంత కచ్చితంగా చెప్పలేదు. దానితో పాటు వారానికి ఒకసారి, అదే రోజు, ఉదయం మూత్రవిసర్జన తర్వాత, బరువు చూసుకోండి. పిండిపదార్థాలు తగ్గించిన మొదటి వారంలో పడే కిలో, రెండు కిలోలు ఎక్కువగా నీరే కనుక దాన్ని చూసి పొంగిపోవద్దు, తర్వాతి వారాల మందగమనాన్ని చూసి డీలా పడవద్దు.

వ్యాయామం ఒక్కదానితోనే బరువు తగ్గుతుందనుకోకండి, అరగంట నడకకు ఖర్చయ్యే కెలొరీలు రెండు బిస్కెట్లతో తిరిగి వచ్చేస్తాయి. అయినా అది తప్పనిసరి, రెండు కారణాల వల్ల. భోజనం తర్వాత 10, 15 నిమిషాలు నడిస్తే కండరాలు గ్లూకోజ్‌ను నేరుగా వాడుకుంటాయి, ఆ పూట చక్కెర తక్కువగా పెరుగుతుంది. వారానికి రెండు మూడు సార్లు బరువులతో గానీ సొంత శరీర భారంతో గానీ కసరత్తు చేస్తే, తగ్గే కిలోల్లో కండ పోకుండా ఎక్కువగా కొవ్వే పోతుంది. నిద్ర తక్కువైన మర్నాడు ఆకలి ఎక్కువగా ఉండటం మీరు గమనించే ఉంటారు, ఆ రోజుల్లో సంకల్పబలాన్ని నిందించుకుని లాభం లేదు.

హెచ్‌బీఏ1సిని మూడు నెలలకు ముందు మళ్లీ చేయించకండి. ఎర్ర రక్తకణాల ఆయుర్దాయం సుమారు 120 రోజులు కాబట్టి, అంతకు ముందు చేయిస్తే పాత వారాల ప్రభావమే ఎక్కువగా కనిపిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతున్నారు కనుక అదే రక్తంతో విటమిన్ బి12 కూడా చూపించుకోండి, ఆ మందు దీర్ఘకాలంలో బి12ను తగ్గించగలదు. అయితే ఈ మూడు నెలల్లో పరగడుపు అంకెలు వరుసగా 90 కంటే కిందికి వస్తున్నా, ఒక్కసారైనా 70 కంటే తగ్గినా, అపాయింట్‌మెంట్ తేదీ వరకు ఆగకుండా వైద్యుడికి ఫోన్ చేసి గ్లిమెపిరైడ్ మోతాదు గురించి అడగండి. అప్పుడు తగ్గవలసింది మాత్ర, మళ్లీ పెరగవలసింది తిండి కాదు.